డ్రమ్ములో కాపురం

వదినగారికి,

మీరు మాకు అప్పగించి వెళ్లిన గినీ పందులు రెండూ కులాసా. వాషింగ్ మెషీన్ సంగతి రాయడానికే చెయ్యి రావడం లేదు.

వాటి పంజరంలో పరిచే మెత్తటి ఫ్లీస్ దుప్పటిని ముందు దులిపి, బ్రష్షుతో బొచ్చు గీకి, దిండు గలీబులో వేసి మూతి కట్టి ఉతకమన్నారు. ఉతకడానికి మెషీనుండగా దులపడానికి మనిషెందుకని నేరుగా పడేశాను. నీళ్లు దిగక మెషీన్ మూలిగి ఆగిపోయింది. మెకానిక్కు గొట్టంలోంచి గుప్పెళ్లకొద్దీ గడ్డీ బొచ్చూ లాగి, "దూడని గానీ ఉతికారా సార్?" అన్నాడు.

బాగుచేసి, ఆరడానికని తలుపు తెరిచిపెట్టి వెళ్లాడు. ఇంట్లో తిరుగుతున్న మీ జంట గడ్డి వాసన పట్టి డ్రమ్ములో దూరి కాపురం పెట్టేసింది. కదిలిస్తే ఇల్లెగిరిపోయేలా కీచుమంటున్నాయి. "అక్క వచ్చేదాకా వాటి జోలికెళ్లారంటే ఊరుకోను," అంది మీ చెల్లెలు. నాతో మాట మానేసి, డ్రమ్ములో తలపెట్టి వాటితో కబుర్లాడుతోంది.

మాసిన బట్టలు ఇప్పుడు వాటి పంజరంలో వేస్తున్నాం. నిన్న నా ఆఫీసు చొక్కాని దులిపి, గీకి, గలీబులో కట్టి బకెట్లో ఉతికాను. మల్లెపువ్వులా వచ్చింది. మీ పద్ధతికి వంక పెట్టలేం.

త్వరగా రండి. గడ్డి మాత్రం తేకండి, ఇక జన్మలో ఖాళీ చెయ్యవు.

మీ మరిది