వన్స్ మోర్ అనకుండా

అన్నా,

పోయిన వారం నంద్యాలలో హుసేన్‌బీ గొంతు పోగొట్టినవాడు పత్తిమిల్లు ఓబులయ్య. నువ్వు పాట నేర్పిన ఆ అమ్మాయికి ఇప్పుడు పేరొస్తోంది. నాటకంలో ఆమె పద్యం వినడానికి ఆళ్లగడ్డ నుంచి బస్సు పట్టుకొని వెళ్లాం.

జ్వరంతోనే పాడింది. ముందు కుర్చీలోంచి ఓబులయ్య "వన్స్ మోర్" అన్నాడు. ఆమె రాగాన్ని వేరే దారిలో తిప్పి మళ్లీ పాడింది. అతను మళ్లీ అడిగాడు. ప్రతిసారీ కొత్తగా పాడుతుంటే జనానికీ ఆశ పుట్టింది. ఆమె గొంతు జీరబోయినా అతను అడగడం ఆపలేదు. నువ్వుంటే హార్మోనియం మూసేసేవాడివి. ఇప్పుడు వాయించే ఆయన భయపడి వాయిస్తూనే ఉన్నాడు.

నేను లేచి, "చాలప్పా, ఆ పాప మనిషా, మిషనా?" అని అరిచాను.

"కుచ్చోరా పుస్తకాలోడా. దుడ్లిచ్చి పిలిపిచ్చిండాం," అన్నాడు ఓబులయ్య. జనం నవ్వారు.

తర్వాత తెర వెనక్కి వెళితే హుసేన్‌బీ నన్నే తప్పుపట్టింది. "యాల అరిస్తివన్నా? వన్స్ మోర్‌కు పాడకుంటే రేపు నన్నెవరు పిలుచ్చారు?" ఆ మాటా సగమే వినబడింది. దోపిడీ మీద చదివిన కరపత్రాల్లో దీనికి జవాబు లేదు.

రేపటికి నువ్వు పోయి ఏడాది. నీ కోసం ఒక్క పద్యం పాడతానంది, ఒక్కసారే పాడగలనంది. అలసిపోయినా ఇల్లిల్లూ తిరిగి చెప్పొచ్చాను: రేపు సాయంత్రం ఆరు గంటలకు సంత మైదానానికి అందరూ రండి, విన్నాక నోరు మూసుకొని కూర్చుందాం.