గడువు దాటిన అగ్రిమెంటు

1986 మార్చి, శనివారం రాత్రి

మాకు అమ్ముతానని అగ్రిమెంటు రాసిచ్చిన చేను యోహాను గారు (ఇంకా గారు అనే రాస్తున్నాను!) వేరొకరికి అమ్మేస్తున్నారు. కోర్టుకెళితే మన పేరున రిజిస్టరు చేయిస్తారని నాన్నకి ధైర్యం చెప్పి, నరసరావుపేట వకీలు దగ్గరికి నేనే తీసుకెళ్లాను.

వకీలు కాగితం చూసి కళ్లజోడు తీశారు. "రిజిస్ట్రేషన్‌కి రాసుకున్న తేదీ నుంచి మూడేళ్లలోపు దావా వెయ్యాలండీ, దాటిపోయింది. గడువు పెంచినట్టు దీని వెనక సంతకమైనా పెట్టించుకోలేదా?"

"ఏటా మిరపకాయలు అమ్మాక రిజిస్టరు చేస్తాననేవాడండీ. చర్చిలో పక్కపక్కనే కూర్చుంటాం. సంతకం అడిగితే నమ్మనట్టు ఉండదూ?" అన్నాడు నాన్న.

వకీలు కాగితం మడిచి తిరిగిచ్చేశారు. సాయంత్రం బస్సుకి ఇంటికొచ్చాం.

అమ్మ చిన్నప్పటి నుంచీ ఆ చేలోనే కూలికి కాయలు కోసింది. మేం గుమ్మం ఎక్కామో లేదో, "కేసు వేశారా? ఈ ఏడు మన చేలో పత్తి వేద్దామయ్యా," అంది.

"వకీలు ఊళ్లో లేడే," అన్నాడు నాన్న.

నాన్న అబద్ధమాడటం నేనెప్పుడూ వినలేదు. అమ్మ నా ముఖంలోకి చూసింది. కాళ్లు కడుక్కునే వంకతో పెరట్లోకి వెళ్లిపోయాను.

"అయితే సోమవారం మళ్లీ వెళ్లండి," అంటోంది లోపల. నాన్న సరేనన్నాడు.