తొంభై తొమ్మిది అంగుళాలు

జూన్ 7
మదీనాగూడ ఫ్లాట్‌కి వార్డ్‌రోబ్ డిజైన్ తయారు. గీసింది మా ఆయన. గచ్చిబౌలి సాఫ్ట్‌వేర్ ఆఫీసులో శ్రీధర్ సొల్యూషన్ ఆర్కిటెక్ట్ — ఇంట్లో గోడకి మేకు కొట్టమంటే వేలు కొట్టుకునే ఆర్కిటెక్ట్.
"ఎత్తు తొంభై ఆరు అంగుళాలు, లోతు ఇరవై నాలుగు. సీలింగ్ తొంభై ఎనిమిది. రెండంగుళాల గ్యాప్. పర్ఫెక్ట్."
"నేలమీద పడుకోబెట్టి బిగిస్తారు కదండీ, లేపేటప్పుడో?" అన్నాను.
"నీ ఎనిమిదో తరగతి లెక్కలు ఇక్కడ పెట్టకు."
సరే. పెట్టను.

జూన్ 8
పెట్టాను. బడి తెరిచేలోగా పాఠాల నోట్సు రాసుకుంటూ, చిత్తు కాగితం మీద. వార్డ్‌రోబ్ పైకి లేచేటప్పుడు మూల నుంచి మూలకు ఉన్న కర్ణం సీలింగ్ కింద పట్టాలి. తొంభై ఆరు వర్గం, ఇరవై నాలుగు వర్గం, కూడితే 9792. వర్గమూలం దాదాపు తొంభై తొమ్మిది. ఒక్క అంగుళం ఎక్కువ! ఎత్తు తొంభై ఐదు పెడితే చాలు. నా క్లాసులో వెనక బెంచీ వాళ్లు కూడా చేస్తారు.
చెప్పను. తగలనీ. నలుగురి ముందూ తగలనీ.

జూన్ 12
వీడియో కాల్‌లో వాళ్ల అక్కకి ఉపన్యాసం. "స్పేస్ ఆప్టిమైజేషన్ అక్కా..." నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయాను.

జూన్ 15
వడ్రంగి యాదగిరి పొద్దున్నే వచ్చి బిగించాడు. నేను గుమ్మంలో చేతులు కట్టుకుని — వేడుక చూసేదానిలా. అతనూ వాచ్‌మనూ కలిసి లేపారు. సగం పైకి... టక్. మూల సీలింగ్‌కి తగిలింది.
"సార్, తగుల్తున్నది. జర ఆగున్రి, దించుతం."
"ఏం తగలదయ్యా, రెండంగుళాలుంది. గట్టిగా నెట్టండి."
నెట్టారు. జారింది. యాదగిరి కుడిచెయ్యి దాని కింద.
ఆ అరుపు.

జూన్ 16
రెండు వేళ్లు విరిగాయట. శ్రీధర్ మాట: "వీళ్లకి పని చేతకాదు."
ఛీ. ఆయనకొకటి. నాకింకొకటి.

జూన్ 19
మూసాపేట వెళ్లాను, యాదగిరి ఇంటికి. మోచేతి దాకా కట్టు. అతని భార్య లక్ష్మి కుర్చీ తుడిచి మరీ వేసింది. కూర్చోలేక కూర్చున్నాను.
"తప్పు నాదే మేడం. నేనన్న కొలుసుకోవాల్సింది. ఎందుకు తగిలిందో జర చెప్పున్రి, మల్ల గిట్ల కావొద్దు."
టీచరమ్మని కదా. కాగితం తీసుకుని దీర్ఘచతురస్రం గీశాను. కర్ణం గీశాను. అంకెలన్నీ గబగబా వేసేశాను, వర్గమూలంతో సహా. ఎత్తు తొంభై ఐదైతే పట్టేదనీ చెప్పాను.
యాదగిరి కాగితం చూడలేదు. నన్ను చూశాడు.
"గింత జల్ది చేసిన్రు... ముందే లెక్క చూసిన్రా మేడం?"
"మంచినీళ్లు తాగుతరా?" అంది లక్ష్మి.
తాగుతానన్నాను.

జూన్ 20
స్టాఫ్‌రూమ్‌లో ఉన్నాను. యాదగిరి ఫోన్. ఎత్తలేదు.
మళ్లీ మోగుతోంది —