మరిచిన టోన్ ఫైల్

యాదన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇవాళ పొద్దున షామీర్‌పేటలో ఒక ఆసుపత్రి ఫోన్లన్నిటినీ నడిపే గేట్‌వే పెట్టె కాలిపోయింది. నేనెళ్లి కొత్తది బిగించి, కాన్ఫిగరేషన్ ఫైల్ ఎక్కించాను. పచ్చలైట్లు వెలిగాయి. హమ్మయ్య అనుకునేలోపే ఎమర్జెన్సీ నర్సు రిసీవర్ నా చెవికి ఆనించింది.

"ఇది ఎంగేజ్ అంటాంది సార్! డాక్టర్‌ని జల్దీ పిలవాలె!"

అది డయల్ టోనే, కానీ వేరే దేశానిది. తొందరలో మన దేశపు ఫోన్ శబ్దాలుండే టోన్ ఫైల్ ఎక్కించడం మరిచాను. "లైట్లు జూసి మురువకు, చెవి పెట్టి విను" అని పని నేర్పేటప్పుడు ఎన్నిసార్లు తిట్టావో! నర్సు డాక్టర్ కోసం మెట్లెక్కి పరుగెత్తింది. ఆ ఫైలూ ఎక్కించి పెట్టెను రీస్టార్ట్ చేశాను. అది లేచేలోపు డాక్టరే దిగివచ్చాడు. నా వైపు చూడను కూడా లేదు.

రిసీవర్ ఎత్తితే మన టోన్ వినపడింది. ఎక్కడ పని ముగించినా మొదటి కాల్ నీకే కదా, వేళ్లు నీ నంబరే నొక్కేశాయి. పెట్టేసేలోపే మీ అమ్మాయి ఎత్తింది.

"టెస్ట్ కాల్, బిడ్డా," అన్నాను.

నువ్వెప్పుడూ అడిగే మాటే అడిగింది.

"టోన్ మంచిగ వస్తాందా, బాబాయ్?"