మంచినీళ్ళ వాల్వ్

ఫిబ్రవరి 3
ఫ్యాక్టరీ పారబోసే నీళ్ళలోంచి యాసిడ్ వెనక్కి తీయొచ్చని నాలుగేళ్ళుగా చెబుతున్నాను. ఎట్టకేలకు చేసి చూపించమని చిన్న పైలట్ ప్లాంట్ ఇచ్చారు. ఇరవయ్యో తారీకున చైర్మన్ ముందు, నీళ్ళలో ఉన్న యాసిడ్‌లో ఎనభై శాతం రాబట్టాలి. లేకపోతే ప్లాంట్ విప్పేస్తారు, నేను మళ్ళీ ల్యాబ్‌లో సీసాలకు లేబుళ్ళు అతికించుకుంటూ బతకాలి.

సాయంత్రం ఆ నీళ్ళు పట్టి ఉంచే ట్యాంకులో యాసిడ్ నాలుగు శాతం ఉంది. బంగారం.

ఫిబ్రవరి 4
పొద్దున చూస్తే ఒకటిన్నర. ఎవరు తాగేశారు? ఇంత పల్చనైతే, యాసిడ్‌ని లాగాల్సిన సాల్వెంట్‌కు ఏం చిక్కుతుంది? రికవరీ నలభై శాతం.

ఫిబ్రవరి 7
మళ్ళీ అంతే. మీటర్ మార్చాను. సాల్వెంట్ మార్చాను. ల్యాబ్ అమ్మాయి మీద అరిచి, తర్వాత సారీ చెప్పాను. మేనేజర్ మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని లెక్కలు ఇంకోసారి చూసుకోమన్నాడు. ఒళ్ళు మండింది.

ఇంట్లో ఇంకో గోల. ఈ యాసిడ్‌ది పాచిపోయిన వెన్న కంపు. బూట్లు గుమ్మం బయటే వదలమని మొన్న అక్క ఆర్డర్. నిన్న నన్నే బయట ఉండమంది.

ఫిబ్రవరి 12
రికవరీ ఇరవై ఎనిమిది. ఛీ.

ఫిబ్రవరి 13, ఉదయం 5.40
పల్చనయ్యేది రాత్రిపూటే కదా అని షిఫ్టు మారకముందే వెళ్ళాను. దొరికాడు. ట్యాంకు ఆపరేటర్, అందరూ పెద్దాయన అని పిలిచే మనిషి. మంచినీళ్ళ వాల్వ్ తిప్పి, మొక్కలకు పెట్టినంత తీరిగ్గా ట్యాంకులోకి నీళ్ళు వదులుతున్నాడు. ఎక్కువైంది పొంగి డ్రెయిన్‌లోకి పోతోంది. మట్టం మారదు, ఇక నా కంట ఎలా పడుతుంది?

ఏం చేస్తున్నారని అడిగితే వింతగా చూశాడు. ముప్ఫై ఏళ్ళుగా ఇదే పనట. కంపు ఎక్కువైతే నీళ్ళు కలపాలి, లేకపోతే ఇన్‌స్పెక్షన్‌లో మెమో.

"నీ ట్యాంకు కంపని నలుగురూ అంటుంటే నాకే బాధేసిందమ్మా. అందుకే రోజూ ఇంకాస్త ఎక్కువ కలుపుతున్నా."

పది రోజుల కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"పెద్దాయనా, నాకు కావలసింది ఆ కంపే."

వాల్వ్ అయితే కట్టేశాడు. నాకేదో అయిందనుకుని ఉంటాడు.

ఫిబ్రవరి 16
డెబ్బై ఎనిమిది! పెద్దాయన అలవాటుకొద్దీ రెండుసార్లు వాల్వ్ దాకా వెళ్ళి, తనను తానే తిట్టుకుంటూ వెనక్కొచ్చాడు. ఆయన్ని నమ్మొచ్చా? భయంగానే ఉంది.

ఫిబ్రవరి 20
వచ్చినవాళ్ళంతా కర్చీఫులు తీశారు. చైర్మన్ రెండడుగులు వెనక్కి వేశారు. నా పరువు పోయిందనిపించింది. నాకు తెలియకుండానే నా చెయ్యి మంచినీళ్ళ వాల్వ్ మీదకు పోయింది.

హ్యాండిల్ లేదు.

అవతల పెద్దాయన, బరువుకు జారిన ప్యాంటు జేబును గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు.

ఎనభై మూడు.