గోడలో రెండు చివర్లు

మార్చి 4, సోమవారం

కొత్త నెట్‌వర్క్ స్విచ్, అంటే కంప్యూటర్ వైర్లన్నీ వచ్చి చేరే పెట్టె, బిగించే పని నా నెత్తినే పడింది. అది మా బావ నెట్‌వర్క్ చూసుకుంటూ సస్పెండయిన ఆస్పత్రి, నన్ను పంపొద్దని మేనేజర్‌కి చెప్పాను. ఇంకెవరూ ఖాళీ లేరన్నాడు. పైగా పాతది ఎందుకు కుప్పకూలిందో రిపోర్టు కూడా నేనే రాయాలట. బావ ఉద్యోగం ఉండేదీ ఊడేదీ దాన్ని బట్టే. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

పోయిన నెల ఒక మధ్యాహ్నం అక్కడ నెట్‌వర్క్ మొత్తం పడిపోయింది. పేషెంట్ల మంచాల దగ్గరి బెల్లులు కూడా దాని మీదే నడుస్తాయి. రెండో వార్డులో ఒక రిటైర్డ్ డ్రైవర్ బెల్లు నొక్కి నొక్కి, ఎవరూ రాక, తానే దిగబోయి పడ్డాడు. తుంటి విరిగింది. ఇంకా అదే మంచం మీదున్నాడు. సెట్టింగు తప్పు పెట్టింది తానేనని బావ రాసిచ్చాడు.

ఆ వార్డు హెడ్ నర్సు మా అక్క. అప్పటి నుంచి మొగుడితో మాటల్లేవు.

నేను మాత్రం నమ్మను. నాకీ పని నేర్పిందే బావ.

మార్చి 5

పాత సెట్టింగులు లైను లైనూ చదివాను. తప్పు ఒక్కటంటే ఒక్కటీ లేదు! మరి ఏం తప్పని రాసిచ్చాడు మహానుభావుడు?

కొత్త దాంట్లో లూప్ ప్రొటెక్షన్ ఉంది. ఒకే వైరు రెండు చివర్లూ స్విచ్‌లోకే వచ్చాయంటే డేటా గిర్రున తిరిగి తిరిగి నెట్‌వర్క్ చస్తుంది. ఈ సెట్టింగు ఉంటే ఆ వైరు దూర్చిన కన్నం, అదే పోర్టు, ఒక్కటే మూసుకుంటుంది. పాత మోడల్లో అది లేనే లేదు. ఆన్ చేశాను. కేబుళ్ళన్నీ టెస్టర్‌తో చూసి లేబుళ్ళు అంటించాను. ప్రతి మంచం దగ్గరా బెల్లు నొక్కి చూశాను. పేషెంట్ల నిద్ర పాడుచేస్తున్నానని అక్క విసుక్కుంది.

మార్చి 7

అంతా బాగానే ఉంది. రిపోర్టులో ఏం రాయాలో తెలియడం లేదు.

మార్చి 8, మధ్యాహ్నం



లూప్ అని అలర్ట్ వచ్చింది. లేబుల్ చూస్తే రెండో వార్డు నర్సుల గది. పరిగెత్తాను. టేబుల్ కింద పొట్టి నీలం వైరు. ఒక చివర గోడ సాకెట్‌లో, రెండో చివర దాని పక్క సాకెట్‌లో. రెండు సాకెట్లూ గోడ లోపల్నుంచి స్విచ్‌లోకే పోతాయి. ఎవరో డాక్టర్ లాప్‌టాప్ తీసుకుని వైరు వదిలేసి పోయాడు.

ఎవరు పెట్టారని అడిగాను. నేనే అంది అక్క, తల కూడా ఎత్తకుండా. వేలాడితే కాళ్ళకు తగులుతుందట, ఎప్పుడు కనబడ్డా ఖాళీ కన్నంలో దోపేస్తుందట. అక్క సంగతి తెలిసిందే, ఇంట్లో తువ్వాలు అంచు కూడా వేలాడనివ్వదు.

"ఆ రోజు కూడా మీ బావ వచ్చి, ఇలాంటిదే పీకి జేబులో పెట్టుకుపోయాడు. ఒక్క ముక్క మాట్లాడలేదు."

ఆయనకు మొదటి నుంచీ తెలుసు! చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాను నేను.

సాయంత్రం

బావను నిలదీశాను. అప్పుడు చెప్పాడు.

"నాకు ఇంకోచోట పని దొరుకుతుంది. ఆ పెద్దాయన పడింది తన వల్లేనని తెలిస్తే మీ అక్క మళ్ళీ వార్డులో అడుగు పెట్టగలదా? సెట్టింగు తప్పనే రాయి."

ఇలాంటి మనిషితోనా అది మాట్లాడటం మానేసింది! ఏడుపాగలేదు.

మార్చి 10

రిపోర్టు రాయలేదు.

అక్క ఫోన్ చేసింది. ఆ వైరు వల్ల ఏమవుతుందని అడిగింది. ఆ పోర్టు మూసుకుంటుంది, అంతేనన్నాను. పాత స్విచ్ అయితే ఏమయ్యేదని అడిగింది. అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అక్కకు అర్థమైపోయినట్టుంది, ఫోన్ పెట్టేసింది.

మార్చి 11

అక్క సూపరింటెండెంటుకు అంతా చెప్పేసింది. తర్వాత ఆ పెద్దాయనకూ చెప్పిందట. ఇప్పుడు ఆయన మంచం పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది. బావ గుమ్మం దగ్గర నిలబడ్డాడు, లోపలికి రావడం లేదు.

పెద్దాయన బెల్లు నొక్కుతున్నాడు. నొక్కిన ప్రతిసారీ అక్క, పక్కనే కూర్చుని, "ఆఁ, వచ్చాను" అంటోంది.