తలుపు దగ్గర వాచీ

అమ్మకు,

నీ చిన్నది నమస్కరించి రాసేది. ఇక్కడ మేమంతా కులాసా, నీ మనవరాలికి ముందు పన్ను ఊడటం తప్ప. అన్నయ్యనీ వదిననీ అడిగానని చెప్పు.

అల్లుడు సరిగ్గా తింటున్నాడా అని రాశావు. బ్రహ్మాండంగా తింటున్నాడు, దిగులు పెట్టుకోకు. "నీ పనేంటే, ఒక్క ముక్కలో చెప్పు" అని కూడా అడిగావు. మనిషి వస్తే దీపం దానంతటదే వెలగాలి, వెళ్తే ఆరిపోవాలి. ఆ తెలివి గోడలకు నేర్పడమే నా పని. మీ అల్లుడికి మాత్రం నేర్పలేకపోయాను.

పోయిన వారం మా ఆఫీసు తుడిచే అమ్మాయిని పనిలోంచి తీసేశారు. నన్ను అక్కా అని పిలుస్తుంది. అస్తమానం బాత్‌రూంలోనే ఉంటోందని సూపర్‌వైజర్ ఓ కాగితం చూపించాడట. ఎన్నిసార్లు వెళ్లిందో, ఎన్ని నిమిషాలుందో అంతా అందులో ఉంది. పాపం, ఆమెకు నాలుగో నెల. ఎవరికీ చెప్పుకోలేదు.

ఇంతసేపూ నాన్చాను. అమ్మా, ఆ కాగితానికి కారణం నేనే. ఆ బాత్‌రూం తలుపు దగ్గర ఆఫీసు కార్డు ఆనిస్తే దీపం వెలుగుతుంది. లోపల ఎవరో ఉన్నారని తెలిస్తే చాలు, ఎవరన్నది అక్కర్లేదు. ఎందుకైనా మంచిదని కార్డు నంబరు, వేళ కూడా దాచేలా ప్రోగ్రాం రాశాను. నువ్వు చిరిగిన చొక్కాల బొత్తాలు డబ్బాలో దాస్తావే, అలాగే. నన్నెవరూ అడగలేదు కూడా.

కుట్టు కార్ఖానాలో బాత్‌రూం తలుపు దగ్గర మేస్త్రీ వాచీ చూస్తూ నిలబడేవాడనీ, నేను కడుపులో ఉండగా నువ్వు మంచినీళ్లు తాగడమే మానేశావనీ చెప్పేదానివి. వాడి కాళ్లు విరగ్గొట్టాలనిపించేది. ఇప్పుడా వాచీ పట్టుకున్నది నేనే. సిగ్గుతో చచ్చిపోతున్నానమ్మా.

మేనేజరుకు చెబితే, "నువ్వు లైట్ల సంగతి చూసుకో, మిగతావి నీకెందుకు?" అన్నాడు.

"ఆ లైట్లతోనే వచ్చింది సార్" అన్నాను.

తప్పు నాదేనని పైవాళ్లకు రాసిచ్చాను. దాచినవన్నీ చెరిపించి, ప్రోగ్రాంలో ఆ ముక్క పీకేశాను. ఆమెను మళ్లీ తీసుకున్నారు, నిన్నటి నుంచి పనిలోకి వస్తోంది. నా ఉద్యోగం సంగతి సోమవారం తేలుస్తారట.

ఆమెకు కూడా నిజం చెప్పి, క్షమించమన్నాను. తుడిచే కర్ర గోడకు ఆనించింది. తర్వాత, "ఇప్పుడు ఎవరూ చూడరుగా అక్కా?" అంది.

"ఎవరూ చూడరమ్మా" అన్నాను.

సాయంత్రం ఆమె ఇంటికి వెళ్తుంటే చూశాను. చేతిలో నీళ్ల సీసా పొద్దున తెచ్చినంత నిండుగానే ఉంది.

నువ్వు మళ్లీ కడుపునిండా నీళ్లు తాగడానికి ఎన్నాళ్లు పట్టిందమ్మా? మర్చిపోకుండా రాయి.

ఇట్లు,
అప్పుడు నీ కడుపులో ఉన్న
నీ చిన్నది